వాల్వు రేడియో మూగబోతే తప్పు ఎక్కడ వెతకాలి

వాల్వు రేడియో పలకడం మానేసిందనగానే అనుమానం ముందుగా వాల్వుల మీదికే, అంటే లోపలి గాజు గొట్టాల మీదికే పోతుంది. పెట్టె వెనుక అట్ట తీయగానే వెలుగుతూ కనిపించేవి అవే; చేత్తో ఊడదీసి మరొకటి పెట్టగలిగినవీ అవే. అయితే 1950లలో, 60లలో తయారై, ఆ తరువాత ఏళ్ల తరబడి అటకెక్కిన రేడియోల్లో వాల్వుల కంటే కండెన్సర్లు (విద్యుత్ ఆవేశాన్ని నిలవచేసే భాగాలు) చెడిపోవడమే చాలా ఎక్కువ. వాల్వు లోపలి శూన్యాన్ని గాజు కాపాడుతుంది కనుక, వాడకుండా దాచిన వాల్వుకు వయసు పెద్దగా మీదపడదు. మైనం పట్టించిన కాగితంతో చేసిన కండెన్సరు మాత్రం రేడియోను వాడినా, వాడకపోయినా తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. పైగా ఒక చోట కండెన్సరు పాడైతే దాని ఫలితం మరోచోట వాల్వు కాలిపోవడంగా బయటపడుతుంది. కాలిన వాల్వును మార్చి మళ్లీ స్విచ్ వేస్తే కొత్త వాల్వు కూడా అదే దారి పడుతుంది. అందుకని మరమ్మతులో దేనినీ మార్చకముందు వోల్టేజీలు చదవడం, ఆ చదవడాన్ని ఒక క్రమంలో చేయడం అవసరం. ఆ క్రమం ముందు కరెంటు సరఫరాతో మొదలై, తరువాత స్పీకరు నుంచి ఏరియల్ వైపు వెనక్కి నడవాలి.

మన ఇళ్లలో మిగిలి ఉన్న సెట్లలో ఎక్కువ భాగం రెండు రకాలు. మొదటి రకంలో లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. వాల్వుల పేర్లు 'ఇ' అక్షరంతో మొదలవుతాయి. ఇసిహెచ్81, ఇబిఎఫ్89, ఇఎబిసి80, ఇఎల్84, ఇజెడ్80 అనే వరుస అలాంటి సెట్లలో తరచుగా కనిపిస్తుంది. వీటి హీటర్లు, అంటే వాల్వును లోపల వేడిచేసే తీగలు, 6.3 వోల్టుల మీద, ఒకదానికొకటి సమాంతరంగా నడుస్తాయి. రెండో రకంలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచేలా చేసిన చిన్న సెట్లు అవి. వాల్వుల పేర్లు 'యు'తో మొదలవుతాయి, హీటర్లన్నీ ఒకే వరుసలో గొలుసులాగా కలిసి 100 మిల్లీ ఆంపియర్ల మీద వెలుగుతాయి. పైకి రెండు రకాలూ ఒకేలా కనిపించినా, మరమ్మతు చేసేవాడి ప్రాణానికి సంబంధించినంతవరకు వీటి మధ్య తేడా చాలా పెద్దది.

ట్రాన్స్‌ఫార్మరు లేని సెట్టులో ఛాసిస్ (భాగాలను బిగించిన ఇనుప చట్రం) నేరుగా మెయిన్స్‌లోని ఒక తీగకు కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెడితే ఆ తీగ ఫేజు అవుతుంది, అంటే రేడియో ఇనుప ఒళ్లంతా 230 వోల్టుల మీద ఉంటుంది. నాబులు ఊడిపోయి ఇనుప కడ్డీలు బయటికి వచ్చిన సెట్టును తాకినా, నాబులో బిగించిన చిన్న స్క్రూ వేలికి తగిలినా షాకు తప్పదు. ఇలాంటి సెట్టును బల్ల మీద విప్పి పనిచేయాలంటే 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండి తీరాలి. అది లేనివాళ్లు ఈ పనిని ఉన్నవాళ్లకు అప్పగించడమే సరైనది. ఈ విషయంలో సర్దుబాటుకు చోటు లేదు. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టులో ఛాసిస్ సాధారణంగా సురక్షితమే అయినా, వాల్వులను నడిపే లోపలి హైటెన్షన్ (అధిక డీసీ వోల్టేజీ) సరఫరా 250 వోల్టులకు పైగానే ఉంటుంది. స్విచ్ ఆపిన తరువాత కూడా, ఆ సరఫరాను సాఫీ చేసే ఫిల్టర్ కండెన్సర్లలో ఆ వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉండవచ్చు. దాన్ని కొన్ని కిలో ఓముల రెసిస్టరు గుండా వదిలించి, సున్నాకు వచ్చిందని మీటరుతో చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు కండెన్సరుకూ మంచిది కాదు, కళ్లకూ మంచిది కాదు.

ఏళ్ల తరువాత అటక దించిన రేడియోను నేరుగా ప్లగ్గులో పెట్టి చూడాలన్న ఆత్రాన్ని అణచుకోవాలి. ముందు కరెంటు లేకుండానే చూడవలసినవి కొన్ని ఉన్నాయి: ఎలుకలు కొరికిన తీగలు, పెళుసెక్కి రాలిపోతున్న రబ్బరు తొడుగులు, మైనం కారిన కండెన్సర్లు, నల్లగా మాడిన రెసిస్టర్లు, ఎవరో మునుపు ఫ్యూజుకు బదులు చుట్టిన రాగి తీగ. వాల్వు గాజు లోపల పైభాగాన అద్దంలా మెరిసే వెండి రంగు పూత తెల్లగా పాలిపోయి ఉంటే ఆ వాల్వులోకి గాలి చొరబడిందని అర్థం. దాన్ని గురించి ఇక ఆలోచించనక్కర లేదు. వెనుకవైపు వోల్టేజీ ఎంచుకునే పలక ఉంటే అది ఏ అంకె మీద ఉందో కూడా చూడాలి. 220 మీద ఉన్న సెట్టుకు 240 వోల్టులు అందితే 6.3 వోల్టుల హీటరుకు దాదాపు 6.9 వోల్టులు పోతాయి, మిగతా వోల్టేజీలన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి.

ఆపైన వాడవలసింది మెకానిక్కులందరికీ పరిచయమైన సిరీస్ బోర్డు. రేడియోతో వరుసలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెడితే, లోపల ఎక్కడైనా షార్టు ఉన్నప్పుడు ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు మాత్రం కాలకుండా మిగులుతుంది. షార్టు లేకపోతే మొదట కాస్త వెలిగి మసకబారుతుంది. ఈ పనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు. సిరీస్ బోర్డు వల్ల మరో మేలు కూడా ఉంది: ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలోని ఆక్సైడు పొర వాడకం లేక పలచబడి ఉంటుంది కనుక, తగ్గిన వోల్టేజీ మీద కొంతసేపు ఉంచితే ఆ పొర మళ్లీ కట్టుకునే అవకాశం దొరుకుతుంది. అలా ఉంచినా కండెన్సరు డబ్బా వేడెక్కుతూనే ఉంటే అది తిరిగి కోలుకోదు, మార్చవలసిందే.

వాల్వులు అసలు వెలగకపోతే తప్పును పట్టుకోవడం సులువు. ట్రాన్స్‌ఫార్మరు సెట్టులో ఒక్క వాల్వు మాత్రమే ఆరి ఉంటే ఆ వాల్వు హీటరో, దాని సాకెట్టో కారణం. అన్నీ ఆరి ఉంటే సరఫరా వైపు చూడాలి. గొలుసు సెట్టులో ఏ ఒక్క హీటరు తెగినా అన్నీ ఆరిపోతాయి. యుసిహెచ్81కు 19, యుబిఎఫ్89కు 19, యుసిఎల్82కు 50, యువై85కు 38 వోల్టులు కావాలి, మొత్తం 126. మెయిన్స్ 230 వోల్టులు కనుక మిగిలిన 104 వోల్టులను ఒక పెద్ద రెసిస్టరు మింగాలి. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆ లెక్క 1040 ఓములు, 10 వాట్లకు పైగా వేడి. రాత్రింబగళ్లు అంత వేడిని మోసిన ఆ రెసిస్టరు తెగిపోవడంలో వింత లేదు. ప్లగ్గు తీసి, ఈ నాలుగు వాల్వుల్లో ఒక్కొక్కదాని 4, 5 పిన్నుల మధ్య మీటరు పెడితే తెగిన హీటరు తెలిసిపోతుంది. కొన్ని వాల్వులు మామూలు కంటే ఎక్కువ కాంతితో వెలుగుతూ మిగతావి నల్లగా ఉంటే, గొలుసు మధ్యలో ఒక వాల్వు హీటరు, ఎలక్ట్రాన్లను వదిలే దాని క్యాథోడుకు తగిలి ఉందని అనుమానించాలి. వాల్వును అనుమానించడానికి బలమైన ఆధారం ఉండే సందర్భాల్లో ఇది ఒకటి.

హీటర్లు వెలిగి, హైటెన్షన్ వోల్టేజీ కూడా దాదాపు సరిగా ఉన్నా స్పీకరులో గుయ్‌మనే హమ్మింగు మాత్రమే వినిపిస్తుంటే, వాల్యూమ్ తగ్గించి చూడాలి. తగ్గించినా హమ్మింగు అలాగే ఉంటే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి. ఇజెడ్80 వంటి పూర్తి తరంగ రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే వాల్వు) ఉన్న సెట్టులో ఈ హమ్మింగు 100 హెర్ట్జ్ దగ్గర, యువై85 ఉన్న సెట్టులో 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కొంచెం అలవాటు పడిన చెవి ఈ రెండింటినీ వేరుచేయగలదు. ట్రాన్స్‌ఫార్మరు సెట్టులో 50 హెర్ట్జ్ హమ్మింగు వినిపిస్తే మాత్రం ఫిల్టరును వదిలి, రెక్టిఫయరు ఒక సగం పనిచేయడం లేదా, ఏదైనా వాల్వులో హీటరు నుంచి క్యాథోడుకు లీకేజీ ఉందా అని వెతకాలి. కొత్త ఫిల్టర్ కండెన్సరు పెట్టేటప్పుడు పెద్దది పెడితే హమ్మింగు ఇంకా తగ్గుతుందన్న ఆలోచన రావడం సహజమే. అయితే ఇజెడ్80 తరువాత వచ్చే మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లకు మించకూడదని దాని తయారీదారులే హద్దు పెట్టారు. అంతకంటే పెద్దదానిని నింపే ప్రతి క్షణమూ రెక్టిఫయరు క్యాథోడ్ మీద భరించలేని కరెంటు పడుతుంది.

ఇక వాల్వు రేడియోలో అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసిన చోటు ఒకటుంది. అది ఆడియో ట్రయోడ్ (ధ్వని సంకేతాన్ని పెంచే వాల్వు) ప్లేటు (ఎలక్ట్రాన్లను అందుకునే పలక) నుంచి, స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపుచేసే తీగల చుట్టకు) పోయే చిన్న కప్లింగ్ కండెన్సరు. దాని పని ధ్వని సంకేతాన్ని పోనిచ్చి, ప్లేటు మీది డీసీ వోల్టేజీని ఆపడం. ఒక వైపు సుమారు 100 వోల్టులు, మరో వైపు సున్నా దగ్గర ఉండవలసిన గ్రిడ్. ఆ గ్రిడ్ నుంచి ఛాసిస్‌కు 470 కిలో ఓముల రెసిస్టరు ఉందనుకుందాం. కండెన్సరు పాతబడి 20 మెగా ఓముల లీకేజీ వచ్చిందనుకుంటే దాని గుండా దాదాపు 5 మైక్రో ఆంపియర్లు పారతాయి, గ్రిడ్ మీద దాదాపు 2.3 పాజిటివ్ వోల్టులు నిలుస్తాయి. వినడానికి చిన్న సంఖ్యే. కానీ ఇఎల్84 క్యాథోడుతో పోలిస్తే దాని గ్రిడ్ మైనస్ 7.3 వోల్టుల దగ్గర ఉండాలి. ఆ వాల్వు కరెంటునంతా అదుపులో ఉంచేది ఆ కొద్దిపాటి వోల్టేజీయే. అందులో 2 వోల్టులు చెడితే ప్లేటు కరెంటు వెంటనే పెరుగుతుంది.

దీన్ని క్యాథోడ్ దగ్గరే చదవవచ్చు. ఇఎల్84 మూడో పిన్ను నుంచి ఛాసిస్‌కు సాధారణంగా 135 ఓముల దరిదాపుల్లో ఒక రెసిస్టరు ఉంటుంది. దాని మీద 7.3 వోల్టులు కనిపిస్తే కరెంటు 54 మిల్లీ ఆంపియర్లు. వాల్వు సరిగా ఉంది. అదే చోట 10 వోల్టులు కనిపిస్తే 74 మిల్లీ ఆంపియర్లు. ఈ వాల్వు క్యాథోడ్ కరెంటు హద్దు 65. మిగతా వాల్వుల వాటా కూడా కలిపితే ఇజెడ్80 ఇవ్వగల 90 మిల్లీ ఆంపియర్ల గరిష్ఠ పరిమితిని సెట్టు దాటుతుంది. మొదట శబ్దం బొంగురుపోతుంది, తరువాత ఇఎల్84 ప్లేటు ఎర్రబడుతుంది, ఆపైన రెక్టిఫయరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, చివరికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు కూడా దెబ్బతింటాయి. వీటన్నిటికీ మూలం వేలి కణుపంత కూడా లేని ఒక కాగితపు కండెన్సరు. ఒకే సెట్టులో అవుట్‌పుట్ వాల్వును మాటిమాటికీ మార్చవలసి రావడం వెనుక చాలాసార్లు ఉండే కథ ఇదే.

ఇక్కడ మామూలు మల్టీమీటరు తప్పుదారి పట్టించే వీలుంది. దానిలోని ఓమ్ రేంజి కొద్ది వోల్టుల మీదే పరీక్షిస్తుంది కనుక, 100 వోల్టుల దగ్గర లీకయ్యే కండెన్సరు కూడా దానికి నిక్షేపంగా కనిపించవచ్చు. సరైన పరీక్షను రేడియో నడుస్తుండగానే చేయాలి. స్విచ్ ఆపి, కండెన్సరు గ్రిడ్ వైపు కొనను టంకం విప్పి వేరుచేసి, 10 మెగా ఓముల ఇన్‌పుట్ ఉన్న డిజిటల్ మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఆ కొనకూ ఛాసిస్‌కూ మధ్య కలపాలి. మళ్లీ స్విచ్ వేస్తే, మంచి కండెన్సరైతే అంకె ఒకసారి ఎగిరి సున్నా దగ్గరికి దిగిపోతుంది. పైన చెప్పిన 20 మెగా ఓముల లీకేజీ ఉంటే దాదాపు 33 వోల్టుల దగ్గర నిలిచిపోతుంది. కండెన్సరు మంచిదని తేలినా గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజీ పోలేదంటే, అప్పుడు తప్పు వాల్వులోనే ఉంది: గ్రిడ్ తానే ఎలక్ట్రాన్లు వదులుతోంది, లేదా లోపల వాయువు చేరింది. ట్రాన్స్‌ఫార్మరు సెట్టులోనైతే ఇఎల్84ను ఊడదీసి, సాకెట్టు రెండో పిన్ను దగ్గర వోల్టేజీ పోతుందో లేదో చూసినా ఇదే విషయం తెలుస్తుంది. అయితే ఆ వాల్వు లేనప్పుడు హైటెన్షన్ వోల్టేజీ పెరుగుతుంది కనుక ఆ పరీక్షను క్షణాల్లో ముగించాలి.

అవుట్‌పుట్ దశలో మరో తప్పు కంటికే కనిపిస్తుంది. శబ్దం అసలు లేదు, ఇఎల్84 లోపల స్క్రీన్ గ్రిడ్ (ప్లేటుకు ముందుండే రెండో గ్రిడ్) తీగలు ఎర్రగా కాలుతున్నాయి అంటే ప్లేటుకు వోల్టేజీ అందడం లేదు; ప్లేటు తీసుకోవలసిన కరెంటును స్క్రీన్ ఒక్కటే మోస్తోంది. ఆ వోల్టేజీ రావలసింది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ చుట్ట గుండా. వెంట్రుకంత సన్నని రాగి తీగతో చుట్టిన ఆ చుట్ట తెగిపోవడం సముద్రతీరపు ఊళ్లలోని సెట్లలో మరీ మామూలు. గాలిలోని తేమకూ ఉప్పుకూ, తీగ మీద ఎప్పుడూ ఉండే పాజిటివ్ వోల్టేజీ తోడై రాగి పచ్చగా చిలుము పట్టి తెగుతుంది. ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, అంటే రేడియో లోపల తయారయ్యే మధ్యస్థ పౌనఃపున్యం) ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టలకూ ఇదే గతి పడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి, విశాఖ తీరం నుంచి వచ్చిన సెట్టు అయితే, వోల్టేజీ లేని ప్రతి ప్లేటు దగ్గరా ముందు అనుమానించవలసింది ఈ చుట్టలనే.

అవుట్‌పుట్ దశ బాగుందని తేలాక వెనక్కి నడవాలి. వాల్యూమ్ కంట్రోలు మధ్య ట్యాగుకు, 600 వోల్టులకు తగిన 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు గుండా సిగ్నల్ ఇంజెక్టరు (పరీక్షకు సంకేతం పుట్టించే చిన్న పరికరం) పెడితే స్పీకరు గట్టిగా పలకాలి. పలికితే ఆడియో భాగమంతా సరిగా ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం రేడియో విచారణ నుంచి తప్పుకుంటుంది. తరువాత ఐఎఫ్ వాల్వు గ్రిడ్, ఆ తరువాత కన్వర్టరు (బయటి సంకేతాన్ని ఐఎఫ్‌గా మార్చే వాల్వు) గ్రిడ్. ఎక్కడ పలుకు ఆగితే తప్పు ఆ చోటికీ దాని ముందు చోటికీ మధ్య ఉంటుంది. స్క్రీన్ గ్రిడ్‌కు వోల్టేజీ ఇచ్చే రెసిస్టరు మాడి ఉంటే, దాన్ని మార్చే ముందు దాని నుంచి ఛాసిస్‌కు పోయే కండెన్సరును చూడాలి. ఆ రెసిస్టరును మాడ్చింది చాలా వరకు అదే అయి ఉంటుంది.

అన్ని దశలూ పలుకుతున్నా స్టేషను మాత్రం ఒక్కటీ రాకపోతే లోకల్ ఆసిలేటరు ఆగిపోయి ఉండవచ్చు. సూపర్‌హెటరోడైన్ పద్ధతిలో రేడియో తనలో తానే ఒక తరంగాన్ని పుట్టించి, దాన్ని బయటి సంకేతంతో కలిపి ఐఎఫ్‌ను తయారుచేస్తుంది. ఐఎఫ్ 455 కిలోహెర్ట్జ్ అయిన సెట్టులో ఆకాశవాణి విజయవాడ 837 దగ్గర వినిపించాలంటే ఆసిలేటరు 1292 దగ్గర నడవాలి. దీన్ని పరీక్షించడానికి ఛాసిస్‌ను తాకనక్కర కూడా లేదు. పక్కన ఒక చిన్న ట్రాన్సిస్టరును 1292 దగ్గర పెట్టి, వాల్వు రేడియో ముల్లును 837 ప్రాంతంలో అటూ ఇటూ తిప్పుతుంటే, ఆసిలేటరు నడుస్తున్న పక్షంలో ట్రాన్సిస్టరులో హోరు ఒక్కచోట హఠాత్తుగా అణిగిపోతుంది, లేదా ఈల వినిపిస్తుంది. మీటరుతో అయితే ఇసిహెచ్81 ట్రయోడ్ గ్రిడ్ దగ్గర మైనస్ 8 నుంచి 10 వోల్టుల దాకా కనిపించాలి. ప్రోబ్ కొనలో 1 మెగా ఓమ్ రెసిస్టరు పెట్టకపోతే మీటరే ఆసిలేటరును ఆపేయగలదు. బ్యాండు పైభాగంలో స్టేషన్లు వస్తూ, హైదరాబాద్ 738 ఉన్న కింది భాగానికి వచ్చేసరికి అంతా మౌనమైతే, ఇసిహెచ్81 శక్తి తగ్గిందనో, దాని ప్లేటు రెసిస్టరు విలువ పెరిగిందనో అనుకోవచ్చు. పాత కార్బన్ రెసిస్టర్లు పెరగడమే ఎక్కువ, తగ్గడం అరుదు.

రేడియో పాడవకున్నా పాడైనట్టు కనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. ఎల్ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్‌లో వదిలే రొద ఒకప్పుడు లేదు. ఒక చిన్న ట్రాన్సిస్టరును అదే గదిలో అదే స్టేషనుకు పెట్టి, అందులోనూ అదే రొద వినిపిస్తే తప్పు ఇంటిది. స్టేషను తగిలినప్పుడు మాత్రమే హమ్మింగు వచ్చి, స్టేషన్ల మధ్య ఖాళీల్లో పోతుంటే మాత్రం ఫిల్టర్లను వదిలి మెయిన్స్ తీగల మధ్య ఉండే చిన్న కండెన్సరును చూడాలి. ఆ స్థానంలో మామూలు కండెన్సరు పెట్టకూడదు. రెండు మెయిన్స్ తీగల మధ్య ఎక్స్2 రకాన్ని, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు అయితే వై రకాన్ని వాడాలి. దగ్గరి స్టేషను బొంగురుగా, దూరపు స్టేషను శుభ్రంగా వినిపిస్తే ఏవీసీ (స్టేషను బలాన్ని బట్టి శబ్దాన్ని తానే సరిచేసే ఏర్పాటు) తీగ మీది కండెన్సరు లీకవుతోంది.

ఇన్ని పరీక్షల తరువాత కూడా ముట్టుకోకూడనివి ఐఎఫ్ డబ్బాల్లోని ఫెర్రైట్ కోర్లు. కరెంటు సరఫరా చెడినా, గ్రిడ్ చెడినా వాటంతట అవి తిరగవు. రేడియో మూగబోవడానికి అవి కారణమయ్యేది చాలా అరుదు. సిగ్నల్ జనరేటరు లేకుండా వాటిని తిప్పితే, బాగుచేయదగ్గ ఒక తప్పు ఉన్న సెట్టు రెండు తప్పుల సెట్టు అవుతుంది. ఏళ్లనాటి మైనంతో అతుక్కుపోయిన కోరు బలవంతం చేస్తే పగిలిపోతుంది కూడా. బ్యాండు స్విచ్, వాల్యూమ్ కంట్రోలు, వాల్వు సాకెట్లు, గ్యాంగ్ కండెన్సరు (స్టేషను మార్చడానికి తిరిగే కండెన్సరు) పలకలను మాత్రం శుభ్రం చేయడం ఎప్పుడూ మంచిదే.

కాగితపు కండెన్సర్ల స్థానంలో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు పెట్టేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి దాని తరువాత సెట్టును సిరీస్ బోర్డు మీద చూసుకోవడం మేలు. పది ఒకేసారి మార్చి ఏదైనా తప్పుగా కలిపితే అదెక్కడో వెతకడం కష్టం. పని పూర్తయ్యాక రేడియోను అట్ట బిగించకుండానే రెండు గంటలు నడవనివ్వాలి. ఆ తరువాత ఇఎల్84 మూడో పిన్ను వోల్టేజీని మళ్లీ చదవాలి. చల్లగా ఉన్నప్పుడు 7.3 చూపించి, వేడెక్కాక నెమ్మదిగా పైకి పాకుతూ ఉంటే, కప్లింగ్ కండెన్సరు కొత్తదే అయిన పక్షంలో, అప్పుడు మాత్రం వాల్వును మార్చాలి.